ఆటల గణకయంత్రమునకు ప్రాసెసరును ఎన్నుకొనుట, అమర్చుట

ఆటలాడుటకు తగిన గణకయంత్రమును తామే కూర్చుకొనవలెనను కోరిక మన విద్యార్థులలో నానాటికి హెచ్చుచున్నది. దుకాణమున సిద్ధముగా దొరకు యంత్రమును కొనుట ఒక పద్ధతి. భాగములను వేఱువేఱుగా కొని ఇంట కూర్చుకొనుట మఱొక పద్ధతి. ఈ రెండవ పద్ధతిలో ప్రతి రూపాయి దేనికి పోయినదో తెలియును, యంత్రజ్ఞానమును అలవడును. అయితే దీనియందు పొరపాటు జరిగినయెడల నష్టమును భరించువారు విద్యార్థులు కారు, వారి తలిదండ్రులు. పత్తి యమ్మిన సొమ్మో, మక్కలమ్మిన సొమ్మో వెచ్చించి తెచ్చిన వస్తువు ఒక్క నిమిషపు తొందరపాటుచే చెడిపోవచ్చును. కావున ఆ యంత్రమునకు ముఖ్యమైన ప్రాసెసరును ఎట్లెన్నుకొనవలెనో, ఎట్లమర్చవలెనో ఈ పాఠమున కారణములతోడ వివరింపబడుచున్నది.

1. ప్రాసెసరు అనగా నేమి?

ప్రాసెసరు మన ఇబ్రహీంపూర్‌నకు కొత్త వస్తువు కాదు. 2016 వ సంవత్సరము నవంబరు 8 వ తేదీన 500, 1000 రూపాయల నోట్లు రద్దయిన పిమ్మట, ఈ గ్రామము నగదు లేకయే క్రయవిక్రయములు జరుపుకొను గ్రామముగా పేరు గాంచెను. నాడు దుకాణములలో కార్డును గీచిన చిన్న యంత్రమునందు లెక్క సరిచూచినది ప్రాసెసరే. మనము చేత పట్టుకొని తిరుగు ఫోనులో నున్నదియు అదియే. ఆటల యంత్రములో నుండునది అదే జాతికి చెందినది, అయితే మిక్కిలి బలమైనది.

దాని పనిని మూడు మాటలలో చెప్పవచ్చును: ఆజ్ఞను తెచ్చుకొనుట, దాని యర్థమును గ్రహించుట, దానిని నెరవేర్చుట. ఈ మూడింటిని అది గడియారపు టిక్కుల వంటి స్పందనముల ననుసరించి చేయుచుండును. 4 గిగాహెర్ట్జ్ వేగమనగా సెకనుకు 400 కోట్ల స్పందనములు. 1971 లో ఇంటెల్ సంస్థ వెలువరించిన 4004 అను ప్రాసెసరునందు సుమారు 2,300 ట్రాన్సిస్టర్లుండెను. నేటివానియందు వందల కోట్లు కలవు. మన హైదరాబాదునందే 1967 లో ఈసీఐఎల్ సంస్థ నెలకొల్పబడి, కొలది యేండ్లలోనే టీడీసీ-12 అను గణకయంత్రమును తయారుచేసెను. నేడు ఇంటెల్, ఏఎండీ సంస్థలు రెండింటికిని ఆ నగరమున చిప్పుల రూపకల్పన చేయు కార్యాలయములు కలవు. కనుక ఇది ఎక్కడివారిదో యనుకొని భయపడవలసిన విద్య కాదు.

పూర్వము ఒక ప్రాసెసరునందు పనివాడు ఒక్కడే. నేడు ఆఱుగురు, ఎనమండుగురు, అంతకు మించియు నుందురు. అట్టి ఒక్కొక్క పనివానిని కోర్ అందురు. ఒక కోర్ ఏకకాలమున రెండు పనుల వరుసలను నడపగలిగినచో ఆ వరుసలను థ్రెడ్లందురు. అయితే కోర్లెన్ని యున్న అంత మేలని తలంపరాదు. పదిమంది కూలీలున్నను ఇరుకైన పొలము గట్టుపై ఒకరి వెనుక నొకరే నడువవలెను గదా. ఆటలలో ఒకటి ముగిసిన తరువాతనే మఱొకటి చేయవలసిన పనులు పెక్కు గలవు. కాబట్టి ఆటకు ఒక్కొక్క కోర్ యొక్క చుఱుకుదనము ముఖ్యము. కోర్ల సంఖ్య తరువాతిది. నేటి ఆటలకు 6 కోర్లు, 12 థ్రెడ్లు గల ప్రాసెసరు సామాన్యముగా చాలును.

2. ఆటలో దాని భాగమెంత?

తెరపై కదలు బొమ్మ నిజమునకు కదలదు. వేఱువేఱు నిలుకడ చిత్రములు వెంటవెంట వచ్చుటచే కదలినట్లు తోచును. సెకనుకు 60 చిత్రములు రావలెనన్న ఒక్కొక్క దానికి లభించు కాలము 1000 ని 60 చే భాగింపగా వచ్చు 16.7 మిల్లీసెకనులు. సెకనుకు 144 చిత్రములు కావలెనన్న 6.9 మిల్లీసెకనులే. 4 గిగాహెర్ట్జ్ వేగము గల కోర్ ఆ 16.7 మిల్లీసెకనులలో సుమారు 6 కోట్ల 66 లక్షల స్పందనములు చేయును. ఆ వ్యవధిలోనే ఆటగాడు నొక్కిన మీటను గుర్తించుట, శత్రువు ఎటు పరుగెత్తవలెనో నిర్ణయించుట, బంతి గోడకు తగిలెనా లేదా యని లెక్కించుట మొదలైన పనులన్నియు ముగియవలెను.

ఏ వస్తువు ఎచ్చట నుండవలెనో నిర్ణయించునది ప్రాసెసరు. దానిని చుక్క చుక్కగా గీయునది గ్రాఫిక్సు కార్డు. ఈ భేదమును విద్యార్థులు చక్కగా గుర్తుంచుకొనవలెను. 1920 చుక్కల వెడల్పు, 1080 చుక్కల యెత్తు గల తెరపై మొత్తము 20,73,600 చుక్కలుండును. 3840 వెడల్పు, 2160 యెత్తు గల తెరపై 82,94,400, అనగా సరిగా నాలుగు రెట్లు. పెద్ద తెరను తెచ్చినప్పుడు పెరిగిన ఈ భారము ముఖ్యముగా గ్రాఫిక్సు కార్డుపై పడును, ప్రాసెసరుపై కాదు. ఈ గ్రాఫిక్సు విద్యయందు ప్రపంచప్రసిద్ధుడైన రాజా కోడూరి గారు తెలుగువారే. ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయమునందు, ఖరగ్‌పూర్ ఐఐటీయందు విద్య నభ్యసించి, ఏఎండీ సంస్థలో గ్రాఫిక్సు విభాగమునకు నాయకత్వము వహించి, 2017 లో ఇంటెల్ సంస్థకు వెళ్లిరి.

దీనినుండి తేలునదేమనగా, ప్రాసెసరు, గ్రాఫిక్సు కార్డు ఒకే కాడికి కట్టిన రెండెద్దులు. ఒకటి కోడె, మఱొకటి బక్కది యైనయెడల బండి బక్కదాని నడకనే నడచును. అధిక ధనమిచ్చి మిక్కిలి గొప్ప ప్రాసెసరును కొని, మిగిలిన కొద్ది సొమ్ముతో చిన్న గ్రాఫిక్సు కార్డును తెచ్చినవానికి ఆటలో లాభము కలుగదు. ఇంట ఇదివఱకే యంత్రమున్నవారు రెండింటిలో బక్కది యేదో సులభముగా కనుగొనవచ్చును. ఆటలోని చిత్రపు కొలతను తగ్గించి చూడవలెను. సెకనుకు వచ్చు చిత్రముల సంఖ్య బాగుగా పెరిగినచో గ్రాఫిక్సు కార్డు వెనుకబడినదని యర్థము. ఏమియు పెరుగకున్నచో వెనుకబడినది ప్రాసెసరు.

3. ఎన్నిక

రైతు బోరునకు మోటారు కొనునప్పుడు, అన్నిటికంటె పెద్దది యేదని యడుగడు. బోరు లోతెంత, నీరెంత యూరును, పైపు కొలత యెంత, తీగ యెంత భారము నోర్చును అని యడుగును. ప్రాసెసరు విషయమునను మన పెద్దల యీ తెలివియే మార్గము. ఈ దిగువ ప్రశ్నలకు కాగితముపై సమాధానములు వ్రాసికొనిన పిదపనే దుకాణమునకు పోవలెను.

మొదటి ప్రశ్న: ఏ యాటలు ఆడుదుము? ఏ తెరపై? సెకనుకు 60 చిత్రములు చూపు తెర గలవానికి 200 చిత్రములకు తగిన ప్రాసెసరు వలన ప్రయోజనము స్వల్పము. పాఠములు చదువుకొనుట, ప్రోగ్రాములు వ్రాయుట, వీడియోలు కూర్చుట కూడ ఆ యంత్రముననే చేయవలెనన్నచో ఒకటి రెండు కోర్లు ఎక్కువగా నుండుట మంచిది.

రెండవ ప్రశ్న: ధనమును ఎట్లు పంచుదుము? సామాన్యముగా ప్రాసెసరునకు ఒక పాలు, గ్రాఫిక్సు కార్డునకు రెండు పాళ్లు పెట్టుట సమంజసము. ఒక ఇంటివారు ఈ రెండింటికి కలిపి 36,000 రూపాయలు పెట్టగలరనుకొందము. అప్పుడు ప్రాసెసరునకు 12,000, కార్డునకు 24,000 అగును. ఇది శాసనము కాదు, కొలబద్ద మాత్రమే.

మూడవ ప్రశ్న: ఏ సాకెట్టు? సాకెట్టనగా మదర్‌బోర్డుపై ప్రాసెసరు కూర్చుండు పీఠము. ఒక పీఠమునకు చేసినది మఱొకదానిపై కూర్చుండదు. ఏఎండీ వారి ఏఎం4 పీఠము 2016 లో వచ్చెను. దానికి డీడీఆర్4 మెమరీ కావలెను. 2022 లో వచ్చిన ఏఎం5 పీఠమునకు డీడీఆర్5 మెమరీ మాత్రమే పనికివచ్చును. ఇంటెల్ వారి 12, 13, 14 వ తరముల ప్రాసెసరులు ఎల్‌జీఏ 1700 పీఠమున కూర్చుండును. వానికి బోర్డును బట్టి డీడీఆర్4 గాని డీడీఆర్5 గాని కావలెను. 2024 లో వచ్చిన ఎల్‌జీఏ 1851 పీఠమునకు డీడీఆర్5 కావలెను. కాబట్టి ప్రాసెసరు, బోర్డు, మెమరీ అను మూడింటిని ఒకే పెండ్లి సంబంధము వలె కలిపి చూడవలెనే గాని విడివిడిగా చూడరాదు.

నాలుగవ ప్రశ్న: మూడు నాలుగేండ్ల తరువాత ఏమి చేయుదుము? అదే బోర్డుపై మఱింత మంచి ప్రాసెసరును పెట్టుకొను వీలున్నచో, నేడు కొంత తక్కువది కొనుటలో నష్టము లేదు. 2016 నాటి ఏఎం4 పీఠమునకు 2022 లో కూడ రైజెన్ 5 5600, రైజెన్ 7 5800ఎక్స్3డీ వంటి కొత్త ప్రాసెసరులు వెలువడెను.

4. పేర్లను చదువుట

పేరులోని ఒక్క అంకెను చూచి మోసపోవువారు పెక్కుమంది. ఐ7 అనునది ఐ3 కంటె ఎల్లప్పుడు గొప్పదని తలంచి, పాత ఐ7 ను చౌకగా వచ్చినదని కొందురు. 2013 నాటి ఐ7-4770 నందును, 2022 నాటి ఐ3-12100 నందును కోర్లు నాలుగే, థ్రెడ్లు ఎనిమిదే. అయినను రెండవది మొదటిదానిని బాగుగా మించును. ఇచ్చట 4 అనగా నాలుగవ తరము, 12 అనగా పండ్రెండవ తరము. పైగా విండోస్ 10 నకు మైక్రోసాఫ్ట్ సంస్థవారి సాధారణ సహాయము 2025 అక్టోబరు 14 తో ముగిసెను. అంత పాత ప్రాసెసరులు విండోస్ 11 నకు అనుమతింపబడిన పట్టికలో లేవు. పాతవస్తువులు కొనువారు ఈ సంగతిని మఱువరాదు.

పేరు చివరి అక్షరములకును అర్థము కలదు. ఇంటెల్ వారి పేర్లలో ఎఫ్ అని యున్నచో ఆ ప్రాసెసరునకు స్వంతముగా తెరపై బొమ్మ చూపు శక్తి లేదు. గ్రాఫిక్సు కార్డు తప్పక కావలెను. ఐ5-12400ఎఫ్ అట్టిది. కే అని యున్నచో వేగమును మనము హెచ్చించుకొను వీలు కలదు. దానికి తగిన బోర్డు, బలమైన కూలరు కావలెను. ఏఎండీ వారి రైజెన్ 5 5600 నకు చిత్రశక్తి లేదు. 5600జీ కి కలదు. గ్రాఫిక్సు కార్డును మఱుసటి పంటకు కొందుమను ఇంటివారికి జీ అను అక్షరము గలది ఉపకరించును.

ఎక్స్3డీ అను గుర్తు గలవానియందు క్యాష్ మెమరీ అధికము. చేనిలో పనిచేయువాడు మాటిమాటికి ఇంటికి పోయి కొడవలి తెచ్చుకొనడు. చేతికందునట్లు దగ్గఱనే యుంచుకొనును. అట్లే ప్రాసెసరు తఱచుగా వాడు విషయములను తనలోనే దాచుకొను చోటు క్యాష్. 2023 లో వచ్చిన రైజెన్ 7 7800ఎక్స్3డీ నందు మూడవ స్థాయి క్యాష్ 96 మెగాబైట్లు. ఆటలకు ఇది మిక్కిలి మేలు చేయును. కాని దాని వెలకు తగిన గ్రాఫిక్సు కార్డు లేనిచో ఆ మేలు కానరాదు.

5. విద్యుత్తు, వేడిమి

65 వాట్ల ప్రాసెసరు సుమారు 1.25 వోల్టులతో పనిచేయునప్పుడు దానిలోనికి ప్రవహించు విద్యుత్తు 65 ని 1.25 చే భాగింపగా 52 ఆంపియర్లు. మన పొలములలోని 5 గుఱ్ఱపుశక్తి మూడు ఫేజుల మోటారు తీసికొనునది సుమారు ఏడెనిమిది ఆంపియర్లే. వోల్టులు మిక్కిలి తక్కువగుటచే ఆంపియర్లు ఇంతగా పెరిగినవి. అరచేతిలో ఇమిడిపోవు చిన్న బిళ్ళలోనికి ఇంత ప్రవాహము పోవలెనన్న ఒకటి రెండు తీగలు చాలవు. ఏఎం5 పీఠమున 1718 స్పర్శస్థానములుండుటకు ఒక కారణమిదియే. వానిలో పెక్కు విద్యుత్తు వచ్చిపోవుటకే వినియోగింపబడును. ఒక్క సూది వంగినను యంత్రము నిలిచిపోవచ్చును.

లోనికి పోయిన విద్యుత్తంతయు తుదకు వేడిగా మాఱును. ఆ వేడిని గాలిలోనికి చేర్చునది కూలరు. కూలరు ఎంత మంచిదైనను గదిలోని గాలి కంటె చల్లగా చేయజాలదు. గది 25 డిగ్రీలుండగా ప్రాసెసరు 65 డిగ్రీలుండినచో, మన ప్రాంతపు వేసవిలో గది 42 డిగ్రీలైనప్పుడు అదే పనికి సుమారు 82 డిగ్రీలగును. నేటి ప్రాసెసరులు 90 మొదలు 100 డిగ్రీల వఱకు చేరినచో తమ వేగమును తామే తగ్గించుకొనును. కావున ఇతరదేశములవారు శీతలమైన గదులలో పరీక్షించి వ్రాసిన ఫలితములను మన మే మాసమునకు యథాతథముగా అన్వయింపరాదు. మనకు 65 వాట్ల తరగతి ప్రాసెసరు, గాలి చక్కగా పాఱు పెట్టె అనుకూలము. విద్యుత్తు హెచ్చుతగ్గులకు ఎర్తింగు, నాణ్యమైన పవర్ సప్లై, యూపీఎస్ అవసరము.

6. కొనుట

సిద్దిపేట నుండి రాజీవ్ రహదారిపై సికింద్రాబాదు చేరి, పార్కులేనునందలి చెనాయ్ ట్రేడ్ సెంటరునందు ఈ భాగములు కొనుట మన ప్రాంతమువారికి వీలగు మార్గము. అచ్చట దుకాణములు పెక్కు గలవు గనుక రెండు మూడు చోట్ల వెల విచారింపవచ్చును. సంస్థవారి ముద్రగల పెట్టెలోనిదే కొనవలెను. పెట్టెపైని సంఖ్యయు ప్రాసెసరుపైని సంఖ్యయు ఒక్కటే యగునట్లు చూచి, జీఎస్‌టీ బిల్లు తీసికొనవలెను. మదర్‌బోర్డు సాకెట్టుపై ప్లాస్టిక్ మూత యున్నదా, సూదులు వంగకుండ వరుసగా నున్నవా యని అచ్చటనే చూచుకొనవలెను. బోర్డులోని బయాస్ తాము కొను ప్రాసెసరును గుర్తింపగలదా యని యడుగుట మఱువరాదు. పాత బయాస్ గల బోర్డు కొత్త ప్రాసెసరును ఎఱుగక మౌనముగా నుండిపోవును.

7. అమర్చుట

వెలుతురు గల చోట, శుభ్రమైన బల్లపై, కింద దుప్పటి గాని తివాచీ గాని లేకుండ పని ప్రారంభింపవలెను. దేహమునందలి స్థిరవిద్యుత్తు పోవుటకు లోహపు వస్తువును తాకవలెను.

(అ) మదర్‌బోర్డును పెట్టెలో బిగింపకముందే దాని అట్టపెట్టెపై పెట్టి, ప్రాసెసరును అమర్చవలెను.

(ఆ) సాకెట్టు ప్రక్కనున్న మీటను కొంచెము ప్రక్కకు జరిపి పైకెత్తవలెను. ఎల్‌జీఏ 1700, ఏఎం5 పీఠములకు పైనున్న లోహపు చట్రమును కూడ ఎత్తవలెను. లోపలి సూదులను వ్రేలితో గాని గుడ్డతో గాని తాకరాదు.

(ఇ) ప్రాసెసరును అంచులు మాత్రమే పట్టుకొని ఎత్తవలెను. దాని మూలనున్న చిన్న త్రికోణపు గుర్తును సాకెట్టుపైని గుర్తుతో కలిపి, నిటారుగా దించి విడువవలెను. అది తన బరువుతో తానే కూర్చుండును. కూర్చుండనిచో దిక్కు తప్పినదని గ్రహించి, తీసి మరల చూడవలెను. ప్రాసెసరును ఎన్నడును నొక్కరాదు.

(ఈ) చట్రమును మూసి మీటను దింపవలెను. అప్పుడు మీట కొంత బిగువుగా తోచును. అది సహజమే, ఆ బలము మీటపై చూపవచ్చును. ప్లాస్టిక్ మూత దానంతటదే ఊడి వచ్చును. దానిని భద్రపఱచవలెను.

(ఉ) కూలరు అడుగున థర్మల్ పేస్టు ముందుగనే పూయబడి యున్నచో మరల పూయనక్కఱలేదు. లేనిచో ప్రాసెసరు నడుమ శనగగింజంత యుంచిన చాలును. రెండు లోహముల నడుమ గాలి చిక్కిన వేడి దాటదు. ఆ సందులు పూడ్చుటయే పేస్టు పని. కూలరు అడుగున రక్షణ కాగితమున్నచో తీసివేయవలెను.

(ఊ) కూలరు మరలను ఎదురెదురు మూలలుగా కొద్దికొద్దిగా బిగింపవలెను. ఒకే ప్రక్క పూర్తిగా బిగించినచో మఱొక ప్రక్క లేచును.

(ఋ) కూలరు పంకా తీగను సీపీయూ ఫ్యాన్ అని వ్రాసియున్న చోటను, పవర్ సప్లై నుండి వచ్చు ఎనిమిది రంధ్రముల తీగను బోర్డు పైమూలనున్న చోటను తగిలింపవలెను. మెమరీని బోర్డు పుస్తకములో చెప్పిన గదులలోనే యుంచవలెను.

ఏఎం4 ప్రాసెసరునకు సూదులు దాని యడుగుననే యుండును. మున్ముందు ఆ కూలరును తీయవలసి వచ్చినచో, యంత్రమును కొంతసేపు నడపి, ఆపి, తీగ పీకి, కూలరును ఇటునటు మెల్లగా త్రిప్పి తీయవలెను. చల్లారిన పేస్టు జిగురు వలె పట్టుకొనుటచే, ఒక్కసారి పైకి లాగినచో ప్రాసెసరు కూడ సాకెట్టు నుండి ఊడివచ్చి సూదులు వంగవచ్చును.

8. మొదటి పరీక్ష

తెర తీగను మదర్‌బోర్డునకు గాక గ్రాఫిక్సు కార్డునకు తగిలింపవలెను. ఏఎం5 బోర్డులలో మొదటిసారి మెమరీని పరీక్షించుకొనుటకు కొన్ని నిమిషములు పట్టవచ్చును. తెర నల్లగా నున్నదని వెంటనే విద్యుత్తు తీసివేయరాదు. తరువాత బయాస్ తెఱచి, ప్రాసెసరు పేరు సరిగా నున్నదా, వేడిమి యెంత, మెమరీ తన పూర్తి వేగమున నున్నదా యని చూడవలెను. ఇంటెల్ వారికైతే ఎక్స్‌ఎంపీ, ఏఎండీ వారికైతే ఎక్స్‌పో అను ఏర్పాటును ఎన్నుకొననిచో, కొన్న మెమరీ తక్కువ వేగముననే నడచుచుండును.

బయాస్‌ను నూతనపఱచుట ముఖ్యమనుటకు ఒక నిదర్శనము కలదు. ఇంటెల్ వారి 13, 14 వ తరముల ప్రాసెసరులలో కొన్ని, అవసరమునకు మించిన వోల్టులు కోరుటచే కాలక్రమమున చెడుచున్నవని 2024 లో తేలెను. ఆ సంస్థవారు బయాస్ ద్వారా సవరణ పంపి, అట్టి ప్రాసెసరులకు హామీని రెండేండ్లు పొడిగించిరి. సవరణ చెడిపోయినదానిని బాగుచేయజాలదు. మంచిదానిని మాత్రము కాపాడును. ఆ తరముల ప్రాసెసరు గలవారు మొదటి దినముననే ఆ పని చేయవలెను.

9. తలిదండ్రులకును విద్యార్థులకును

తలిదండ్రులు ఈ కోరికను వట్టి యాటగా మాత్రమే తలంపకుందురు గాక. ప్రాసెసరును సరిగా ఎన్నుకొనుటలో భాగహారము, విద్యుచ్ఛాస్త్రము, ఉష్ణశాస్త్రము, ఇంటి జమాఖర్చు అన్నియు కలవు. కొనకముందు బిడ్డను కూర్చుండబెట్టి, పై నాలుగు ప్రశ్నలకు సమాధానము చెప్పించుడు. చెప్పగలిగినచో ఆ సొమ్ము సద్వినియోగమగును. చెప్పలేకున్నచో ఇంకొక నెల చదువుకొమ్మనుడు. ఆ నెలలో వెల పెరిగినను నష్టము స్వల్పమే.

విద్యార్థులారా! మీ యింటికి రాదగిన ప్రాసెసరు లోకములో కెల్ల గొప్పది కానక్కఱలేదు. మీ గ్రాఫిక్సు కార్డునకు జోడై, మీ బోర్డునకు తగి, మీ వేసవిని ఓర్చి, మీ ఇంటి సొమ్మునకు లోబడి యుండినచో అదియే మంచిది. ఇతరుల యంత్రములతో పోల్చుకొని తలిదండ్రులను వేధింపకుడు. అమర్చునప్పుడు బలమును చూపకుడు, ఓర్పును చూపుడు. యంత్రము పూర్తియైన నాడు ఆటయాడుడు, తప్పులేదు. కాని అది అట్లేల పనిచేయుచున్నదో మీ తమ్మునికో చెల్లెలికో వివరింపగలిగిన నాడే ఆ యంత్రము నిజముగా మీదైనదని తెలిసికొనుడు.